పసిబిడ్డ మరణంపై రాష్ట్ర కమిటీ సమీక్ష: ఎవరిని అడుగుతారు, ఏం తేలుస్తారు?

ప్రశ్న: మేము అరిజోనాలో ఉంటాం. మా మరిది వాళ్ల నాలుగు నెలల బాబు ఈమధ్య నిద్రలోనే పోయాడు. ఆ రాత్రి బాబు మా అత్తగారి పక్కలో పడుకున్నాడు. ఆవిడ విజిటర్ వీసా మీద వచ్చారు. పోలీసులు ఒక బొమ్మ ఇచ్చి, బాబును ఎలా పడుకోబెట్టారో, తర్వాత ఎలా కనిపించాడో చూపించమన్నారు. అప్పటి నుంచి ఆవిడ సరిగ్గా అన్నం ముట్టడం లేదు. ఇప్పుడు ఈ మరణాన్ని రాష్ట్ర కమిటీ సమీక్షిస్తుందని ఆసుపత్రి సోషల్ వర్కర్ చెప్పింది. ఆ కమిటీ మమ్మల్ని పిలుస్తుందా? అత్తగారి మీద కేసు పెడతారా? మరిది వాళ్ల మూడేళ్ల పాపను తీసుకెళ్తారా? పక్కలో పడుకున్నాడని చెప్పకుండా ఉండాల్సిందని బంధువులు అంటున్నారు. నిజమేనా? — ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ ప్రశ్నలకు సూటిగా జవాబు. ఆ కమిటీ మీ ఇంట్లో ఎవరినీ పిలవదు. కేసు పెట్టే అధికారం గానీ, పాపను తీసుకెళ్లే అధికారం గానీ దానికి లేవు. ఆ పనులు చేయగల కార్యాలయాలు వేరే ఉన్నాయి. వాటిలో ఒకరిద్దరు మీ ఇంటికి ఇప్పటికే వచ్చి వెళ్లారు. అందరినీ కలిపి ఒకటే 'గవర్నమెంటు' అనుకోవడం వల్ల మీ ఇంట్లో భయం రెట్టింపైంది. అందుకే ఎవరి పని ఏమిటో విడదీసి చెబుతాం. బంధువుల మాట మాత్రం తప్పు. ఎందుకు తప్పో కాస్త వివరంగా చెప్పాలి.

పోలీసులు వచ్చేది నేరం జరిగిందా లేదా చూడడానికి. ఏడాది లోపు బిడ్డ ఇంట్లో హఠాత్తుగా పోతే, అనుమానం ఉన్నా లేకపోయినా వాళ్లు రావాల్సిందే. కేసు పెట్టాలా వద్దా అనేది చివరికి కౌంటీ అటార్నీ, అంటే కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రాసిక్యూటర్, నిర్ణయం. మరణానికి కారణం తేల్చేది కౌంటీ మెడికల్ ఎగ్జామినర్. శవపరీక్షతో పాటు ఒళ్లంతా ఎక్స్‌రేలు తీస్తారు. రక్తంలో మందులు, విషాలు ఏమైనా ఉన్నాయా, ఇన్ఫెక్షన్ ఉందా, పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు ఉన్నాయా అని పరీక్షలు చేస్తారు. గుండె, ఊపిరితిత్తుల ముక్కలను మైక్రోస్కోపు కింద చూస్తారు. ఇవన్నీ తేలడానికి నెలలు పట్టొచ్చు. అప్పటి వరకు మరణ ధ్రువపత్రంలో కారణం దగ్గర 'పెండింగ్' అని ఉంటుంది. ఫలితాలు రాలేదని తప్ప దానికి వేరే అర్థం లేదు.

మూడోది డిపార్ట్‌మెంట్ ఆఫ్ చైల్డ్ సేఫ్టీ, అక్కడ అందరూ డీసీఎస్ అంటారు. ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే ఆ బిడ్డ క్షేమం చూడడానికి వీళ్లు రావొచ్చు. పాప ఎక్కడ పడుకుంటుంది, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నారా, టీకాలు వేయించారా అని అడుగుతారు. బిడ్డను ఇంటి నుంచి తీసుకెళ్లాలంటే, అప్పటికప్పుడు ప్రమాదం ముంచుకొచ్చిన పరిస్థితి లేనప్పుడు, అరిజోనాలో కోర్టు ఉత్తర్వు కావాలి. బాబు నిద్రలో పోయాడన్న ఒక్క కారణం సాధారణంగా అందుకు సరిపోదు. ఇప్పుడు పాపకు ఏ ప్రమాదం ఉందో వాళ్లు చూపించాలి. కచ్చితంగా ఇలాగే జరుగుతుందని మేము హామీ ఇవ్వలేం. కానీ పక్కలో పడుకోబెట్టుకున్న ప్రతి ఇంటి నుంచీ పిల్లల్ని తీసుకెళ్లిపోతారన్నది పుకారే.

నాలుగోది మీరడిగిన కమిటీ, చైల్డ్ ఫేటాలిటీ రివ్యూ టీమ్. అరిజోనా ఆరోగ్య శాఖ కింద రాష్ట్ర స్థాయిలో ఒక టీమ్, దాని కింద కౌంటీ స్థాయిలో స్థానిక టీములు పనిచేస్తాయి. 18 ఏళ్ల లోపు ప్రతి మరణమూ వాళ్ల ముందుకు వస్తుంది. క్యాన్సరైనా, నెలలు నిండక పుట్టడమైనా, కారు ప్రమాదమైనా, ఆత్మహత్య అయినా సరే. ఏటా 800 దాకా ఉంటాయి. అంటే మీ బాబు పేరు ఏదో అనుమానితుల జాబితాలోకి ఎక్కలేదు. ఆ రాష్ట్రంలో పోయిన ప్రతి బిడ్డ కాగితాలూ వెళ్లే చోటికే మీ బాబు కాగితాలూ వెళ్తున్నాయి.

చట్టంలోనే ఒక కట్టడి ఉంది. టీమ్ సభ్యులు ఆ హోదాలో చనిపోయిన బిడ్డ కుటుంబాన్ని కలవకూడదు, ప్రశ్నించకూడదు, సమాచారం కోరకూడదు. సభ్యుల్లో ఒక పోలీసు అధికారి ఉండి, ఆయన తన ఉద్యోగం ప్రకారం మిమ్మల్ని కలవాల్సి వస్తే అది వేరే సంగతి. మన దేశంలో పద్ధతి దీనికి తలకిందులు. కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం ఐదేళ్ల లోపు బిడ్డ పోతే ఆశా కార్యకర్త కబురు పంపుతుంది. ఏఎన్ఎం ఇంటికొచ్చి వివరాలు రాసుకుంటుంది. కొన్ని మరణాల్లో వైద్య బృందం వచ్చి, జబ్బు మొదలైన దగ్గర నుంచి ఏం జరిగిందో ఇంటివాళ్లను వరసగా అడుగుతుంది. శవపరీక్ష జరగని చోట కారణం తెలుసుకోవాలంటే అదే దారి. మీ అత్తగారు ఊళ్లో అలాంటి రాకపోకలు చూసి ఉంటే, అక్కడా జనం వచ్చి చుట్టూ కూర్చుంటారని భయపడుతూ ఉండొచ్చు. అలా జరగదని ఆవిడకు చెప్పండి. అమెరికాలోనే కొన్ని చోట్ల గర్భస్థ, శిశు మరణాల సమీక్ష అని మరో కార్యక్రమం ఉంది. అందులో నర్సో సోషల్ వర్కరో తల్లితో మాట్లాడతారు, అదీ ఆమె ఒప్పుకుంటేనే.

మరి ఎవరినీ కలవకుండా ఏం సమీక్షిస్తారు? కాగితాలను. మరణ ధ్రువపత్రాల నుంచి జాబితా తయారవుతుంది. సమన్వయకర్త బాబు జనన ధ్రువపత్రం, పుట్టిన ఆసుపత్రి రికార్డు, పిల్లల డాక్టరు రికార్డు, అంబులెన్సు వాళ్ల నోట్సు, పోలీసు నివేదిక, శవపరీక్ష నివేదిక, డీసీఎస్ దగ్గర ఏమైనా ఉంటే అదీ తెప్పిస్తారు. ఇవి తెప్పించుకునే అధికారం చట్టమే ఇచ్చింది. స్థానిక టీమ్‌లో మెడికల్ ఎగ్జామినర్, పిల్లల డాక్టరు, మానసిక వైద్యుడో సైకాలజిస్టో, ఆరోగ్య శాఖ మనిషి, డీసీఎస్ మనిషి, పోలీసు, ప్రాసిక్యూటర్ కార్యాలయం నుంచి ఒకరు, గృహహింస మీద పనిచేసేవారు, వీళ్లతో పాటు మామూలు తల్లో తండ్రో ఒకరు ఉంటారు. గోప్యత పాటిస్తామని అందరూ సంతకం పెడతారు. దాన్ని మీరితే నేరం. ఒక్కో కేసు మీద చర్చ తలుపులు మూసుకునే జరుగుతుంది. అక్కడి మాటలు, కాగితాలు కోర్టు వ్యాజ్యాల్లో వాడడానికి వీల్లేదు. మీ లాయరు అడిగినా ఇవ్వరు, మీ మీద వాడాలని ఇంకొకరు అడిగినా ఇవ్వరు.

ఒకే మరణం గురించి ఒక్కో కార్యాలయానికి ఒక్కో ముక్క తెలుస్తుంది. బాబుకు రెండు రోజులుగా జలుబు ఉందని డాక్టరు రికార్డులో ఉంటుంది. పరుపు మెత్తగా, నొక్కితే లోతుగా దిగబడేలా ఉందని పోలీసు ఫోటోలో ఉంటుంది. ఇంట్లో తొట్టి ఉన్నా అందులో ఉతికిన బట్టలు పేర్చి ఉన్నాయని మరొకరి నోట్సులో ఉంటుంది. ఈ ముక్కలన్నీ ఒకే బల్ల మీదికి వచ్చేది ఈ ఒక్క చోటే. మీ కేసు లాంటి దాంట్లో వాళ్లు చూసే అంశాలు దాదాపు స్థిరంగా ఉంటాయి: ఎక్కడ పడుకున్నాడు, వెల్లకిలానా బోర్లానా పక్కకా, పక్కన ఎవరు, దిండ్లు దుప్పట్లు ఎన్ని, గది ఎంత వేడిగా ఉంది, ఇంట్లో పొగ తాగేవారున్నారా, నెలలు నిండి పుట్టాడా, తల్లిపాలు తాగాడా. తొట్టి లేకపోతే ఎందుకు లేదు, ఉంటే ఎందుకు వాడలేదు అని కూడా.

ఇంకో ప్రశ్న ఉంటుంది. మీ కేసులో అన్నిటికంటే విలువైనది అదేనని మా అభిప్రాయం. ప్రసవం తర్వాత ఇంటికి పంపేటప్పుడు బిడ్డను ఎలా పడుకోబెట్టాలో ఆసుపత్రి ఎవరికి చెప్పింది, ఏ భాషలో చెప్పింది? చాలాసార్లు జరిగేది ఇది. నర్సు తల్లికి ఇంగ్లిషులో చెబుతుంది, కాగితం మీద సంతకం తీసుకుంటుంది, ఆ కాగితం సంచిలోకి పోతుంది. రాత్రిపూట బిడ్డను చూసుకునే మనిషి ఆ గదిలోనే ఉండదు, ఉన్నా ఆ భాష రాదు. తల్లికి నిద్ర సరిపోవాలని పసివాడిని తన పక్కలోకి తీసుకున్న పెద్దావిడకు, అక్కడి మెత్తటి పరుపు ఊళ్లో నేల మీద పరిచే చాప కాదని ఎవరూ చెప్పి ఉండరు. ఒక టీమ్ ముందుకు ఇలాంటివి నాలుగైదు వస్తే, సిఫార్సు తల్లిని తప్పుపట్టడం దగ్గర ఆగదు. రాత్రి బిడ్డను చూసుకునేవారికి వారి భాషలో చెప్పాలన్న దగ్గరికి వెళ్తుంది.

చివర్లో టీమ్ కొన్ని గడులు నింపుతుంది. కారణం, మరణ రీతి (సహజమా, ప్రమాదమా, హత్యా లాంటిది), నివారించదగినదా కాదా. ఈ మూడో గడి గురించి విని చాలామంది కుంగిపోతారు. ఒక వ్యక్తి గానీ సమాజం గానీ న్యాయంగా చేయగలిగిన ఏ పనైనా మరణానికి దారితీసిన పరిస్థితిని మార్చి ఉండేదా అన్నదే అక్కడి ప్రశ్న. ఎవరిది తప్పు అన్న గడి ఆ ఫారంలో ఉండదు. అరిజోనాలో నూటికి సుమారు 40 మరణాలు నివారించదగినవిగా నమోదవుతుంటాయి. వాటిలో రోడ్డు ప్రమాదాలు, ఈతకొలనులు, తుపాకులు, మత్తు మందులు, నిద్ర మరణాలు అన్నీ ఉంటాయి. ఆ తర్వాత వివరాలు జాతీయ స్థాయిలో 2005 నుంచి నడుస్తున్న ఒక కంప్యూటర్ వ్యవస్థలోకి వెళ్తాయి. రాష్ట్ర టీమ్ ఏటా నవంబర్ 15 నాటికి గవర్నర్‌కు, శాసనసభకు నివేదిక ఇస్తుంది. దాంట్లో పేర్లు ఉండవు. ఆ ఊరివాళ్లు గుర్తుపట్టే అవకాశం ఉన్న మరీ చిన్న అంకెలను కూడా వేయరు.

ఇప్పుడు బంధువుల మాట. పక్కలో ఊపిరాడక పోయిన బిడ్డకూ, సిడ్స్‌తో (పసిబిడ్డ కారణం తెలియకుండా నిద్రలో హఠాత్తుగా పోవడం) పోయిన బిడ్డకూ శవపరీక్షలో తేడా కనిపించకపోవచ్చు. ఊపిరితిత్తులు చూసి ఇది ఇదీ అని చెప్పగల గుర్తు లేదు. తేడా చెప్పేది గదే. అందుకే ఆ బొమ్మ. పడుకోబెట్టినప్పుడు ముఖం ఎటు ఉంది, చూసినప్పుడు ఎటు ఉంది, ముక్కు దేనికి ఆనుకుని ఉంది అన్నది మాటల్లో చెబితే ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. బొమ్మను పెట్టి ఫోటో తీస్తే సందేహం ఉండదు. జ్ఞాపకం చెదిరిపోక ముందే చేయాలి కాబట్టి అంత దుఃఖంలోనూ వెంటనే అడుగుతారు. క్రూరంగా అనిపిస్తుంది, నిజమే. కానీ అది మీ అత్తగారికి ప్రత్యేకంగా పెట్టిన పరీక్ష కాదు. ఈ రకం మరణాల విచారణకు సిఫార్సు చేసిన పద్ధతే అది.

తొట్టిలో ఒంటరిగా పడుకున్నాడని చెప్పి ఉంటే ఏమయ్యేది? ముందుగా, పోలీసులకు అబద్ధం చెప్పడం దానంతట అదే నేరం. ఫోటోలు, అంబులెన్సు వాళ్ల నోట్సు, ఒంటి మీద రక్తం పేరుకున్న తీరు వేరే చెబితే, అప్పటిదాకా లేని అనుమానం అక్కడ పుడుతుంది. ఒకవేళ అబద్ధం నిలబడినా, తొట్టిలో పడుకోబెట్టినా పోయాడని లెక్కల్లోకి ఎక్కుతుంది. అలాంటి తప్పుడు లెక్కలు పేరుకుంటే తొట్టి వల్ల లాభం లేదన్నట్టు కనబడుతుంది. ఇంటికీ నష్టమే. పాపకు కూడా వచ్చే అవకాశమున్న గుండె జబ్బేమో అని డాక్టర్లు తప్పుదారి పట్టొచ్చు, మీరు ఏళ్ల తరబడి ఆ భయంతో బతకొచ్చు. మీ అత్తగారు ఉన్నది ఉన్నట్టు చూపించారు. ఆవిడ చేసిన సరైన పని అది. ఈ మాట ఆవిడకు ఎవరో ఒకరు చెప్పాలి.

ఈ కమిటీలంటే జనానికి అనుమానం ఎందుకంటే అవి పుట్టిందే అనుమానం నుంచి. 1978లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో మొదటి టీమ్ ఏర్పడినప్పుడు దాని పని, హింస వల్ల పోయి కూడా ప్రమాదమనో జబ్బనో రాసేసిన మరణాలను పట్టుకోవడం. మిస్సోరీలో కూడా అలాంటి మరణాలు చాలా లెక్కలోకి రావడం లేదని 1993లో వచ్చిన అధ్యయనం చూపింది. అంతకుముందే 1991లో ఆ రాష్ట్రం కౌంటీకో టీమ్ ఉండాలని చట్టం చేసింది. క్రమంగా అన్ని రకాల మరణాలనూ చూడడం మొదలుపెట్టాక, హింస కన్నా నీళ్లూ పరుపులూ కార్లే ఎక్కువ మందిని తీసుకుపోతున్నాయని తేలింది. ఇప్పుడు 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఈ సమీక్ష ఉంది. నియమాలు మాత్రం రాష్ట్రానికో రకం. మీ బంధువులు టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో విన్నది మీకు వర్తించకపోవచ్చు.

అంతా సవ్యంగా నడుస్తుందని కూడా అనుకోకండి. ప్రాసిక్యూషన్ నడుస్తున్న కేసుల కాగితాలు ఆలస్యంగా వస్తాయి. సభ్యుల్లో చాలామంది తమ అసలు ఉద్యోగాలు చేసుకుంటూ వీలు చేసుకుని వచ్చేవాళ్లు. గదిలో సరిగ్గా వివరాలు రాసుకోకపోతే 'నిర్ధారించలేనిది' అని రాసి ముగించడం తప్ప ఎంత పెద్ద నిపుణుడైనా చేసేదేమీ ఉండదు. అన్నిటికంటే పెద్ద లోపం సిఫార్సుల్లో ఉంటుంది. 'తల్లిదండ్రుల్లో అవగాహన పెంచాలి' అని రాస్తే అది ఎవరి పనీ కాదు. ఎవరు, ఏం, ఎప్పటిలోగా అన్నది ఉంటేనే మరుసటి ఏడాది అడగడానికి వీలుంటుంది.

దీనికి ఎదురు ఉదాహరణ అరిజోనా ఈతకొలను చట్టం. ఆరేళ్ల లోపు పిల్లలున్న ఇంటి కొలనుకు కనీసం 5 అడుగుల ఎత్తు అడ్డుగోడో కంచో ఉండాలి. 4 అంగుళాల బంతి దూరే సందు ఉండకూడదు. గేటు కొలను నుంచి బయటికి తెరుచుకోవాలి, దానంతట అదే మూసుకుని గడియ పడాలి. బయటి వైపు గడియైతే నేల నుంచి 54 అంగుళాల ఎత్తున ఉండాలి. చట్టం ఇంటి గోడను కూడా ఒక వైపు అడ్డుగా లెక్కలోకి తీసుకుని, ఇంటి తలుపులకు వేరే జాగ్రత్తలు చెబుతుంది. మా సలహా అడిగితే నాలుగు వైపులా కంచే వేయండి, వెనక తలుపు తీసుకుని పిల్లవాడు నేరుగా నీళ్ల దగ్గరికి వెళ్లేదే ఎక్కువ. 'పిల్లల్ని ఓ కంట కనిపెట్టండి' అన్న సలహాకు, ఈ కొలతలకు ఎంత తేడానో చూడండి. కంచె ఫోన్ చూసుకోదు, కునుకు తీయదు.

నిద్ర విషయంలోనూ అంతే. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టమని అమెరికన్ పిల్లల డాక్టర్ల సంఘం 1992లో చెప్పింది. 1994లో దేశవ్యాప్త ప్రచారం మొదలైంది. పదేళ్లలో సిడ్స్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఆ తర్వాత తగ్గుదల ఆగిపోయింది. ఇప్పటికీ ఆ దేశంలో ఏటా సుమారు 3,500 మంది శిశువులు హఠాత్తుగా నిద్రలో పోతున్నారు. ఒక్కో మరణంలో మంచం, పరుపు, పక్క వివరాలు ఓపిగ్గా నమోదు చేస్తూ రావడం వల్లే ఏ వస్తువులు ప్రాణం తీస్తున్నాయో తెలిసింది. పక్క తలుపు కిందికి జారే తొట్టెల అమ్మకం 2011లో ఆగిపోయింది. 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే పడకలు, తొట్టి చుట్టూ కట్టే మెత్తటి బంపర్లు 2022 చట్టంతో నిషేధంలోకి వచ్చాయి.

మీరు ఇప్పుడు చేయగలిగినవి చెబుతాం. పోలీసులు గానీ డీసీఎస్ గానీ మళ్లీ మాట్లాడాలంటే తెలుగు దుబాసీని అడగండి. హిందీ సరిపోతుందిలే అంటే ఒప్పుకోవద్దు. మరిది గానీ మీరు గానీ అత్తగారి మాటలను అనువదించవద్దు. దుఃఖంలో ఉన్న కొడుకు తల్లిని కాపాడాలని ఒక మాట తగ్గిస్తాడు, ఆ తేడా తర్వాత ఆవిడ మాట మార్చినట్టు కనబడుతుంది. కేంద్ర నిధులు తీసుకునే కార్యాలయాలు 1964 పౌర హక్కుల చట్టం కింద భాషా సహాయం ఇవ్వాలి, ఖర్చు మీది కాదు. తర్వాతి విచారణకు ముందు క్రిమినల్ లాయరుతో ఒకసారి మాట్లాడడం మీ హక్కు. నిజం చెప్పడానికీ లాయరును పెట్టుకోవడానికీ విరోధం లేదు.

అత్తగారి ప్రయాణం గురించి: సమీక్ష కమిటీకీ వీసాకూ ఏ సంబంధమూ లేదు. కానీ పోలీసు విచారణ ముగియకముందు హడావుడిగా విమానం ఎక్కించకండి, లాయరును అడిగి నిర్ణయించండి. ఆవిడ ఐ-94 (ఎప్పటి వరకు ఆ దేశంలో ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు చూడండి. ఉండాల్సి వస్తే గడువు తీరకముందే దాన్ని పొడిగించమని కోరే ఐ-539 దరఖాస్తు వేయాలి. ఏ అభియోగమైనా నమోదైతే, క్రిమినల్ లాయరుతో పాటు ఇమిగ్రేషన్ లాయరును కూడా మొదటి రోజు నుంచే కలపండి. నేరం ఒప్పుకుని కేసు ముగించుకునే, మామూలుగా చిన్నదనిపించే ఒప్పందం కూడా వీసా దగ్గర పెద్దదై కూర్చోవచ్చు.

మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయంలో మీ కేసు చూస్తున్న ఇన్వెస్టిగేటర్ పేరు, కేసు నంబరు మరిది దగ్గర ఉండాలి. మూడు విషయాలు అడగమనండి. నివేదిక ఎప్పటికి వస్తుంది, కాపీ ఎలా తీసుకోవాలి, జన్యు పరీక్షలకు రక్తం దాచారా. గుండె లయ తప్పే కొన్ని జబ్బులు కుటుంబంలో నడుస్తాయి. రక్తం దాచి ఉంటే తర్వాత పరీక్షించే వీలుంటుంది, లేకపోతే ఆ తలుపు మూసుకుపోతుంది. పాపకు ఈసీజీ అవసరమా అన్నది పిల్లల డాక్టరు చెబుతారు. ఇంతకుముందు చెప్పని వివరం ఏదైనా గుర్తొస్తే, జలుబు మందు వేసిన సంగతి లాంటిది, ఆ ఇన్వెస్టిగేటర్‌కే చెప్పండి. కమిటీకి చేరేది ఆ దారినే.

మీ బంధువుల్లో, స్నేహితుల్లో బాలింతలున్న ఇళ్లకు ఈ మాటలు చేరవేయండి. అమ్మమ్మలు, నాయనమ్మలు ఊరి నుంచి వచ్చే ఇళ్లకు మరీ ముఖ్యం. మొదటి ఆరు నెలలైనా బిడ్డ అదే గదిలో, వేరే పడకలో, వెల్లకిలా, బిగుతుగా పట్టిన ఒక్క షీటు మాత్రమే తొడిగిన గట్టి సమతల పరుపు మీద పడుకోవాలి. తొట్టిలో దిండు, బొంత, బొమ్మ ఏదీ వద్దు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండూ అక్కర్లేదు. తొట్టి కడ్డీల మధ్య సందు 6 సెంటీమీటర్లకు మించకూడదు. చీర ఉయ్యాలలో బిడ్డ నడుము వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది. ఊపి నిద్రపుచ్చినా ఎత్తి తొట్టిలో వేయండి. మెడలో దిష్టితాడు, నల్లపూసలు ఉంటే నిద్రవేళ తీసేయండి. సాంబ్రాణి పొగ బిడ్డ పడుకునే గదిలో వేయకండి. పొత్తిగుడ్డ చుట్టే అలవాటుంటే, బోర్లపడే సూచన కనిపించిన రోజే ఆపాలి, సాధారణంగా అది మూడు నాలుగు నెలల్లోనే. అన్నిటికంటే ప్రమాదం సోఫాలో బిడ్డను గుండెల మీద వేసుకుని కునుకు తీయడం. మంచం కన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ. నిద్ర ముంచుకొస్తుంటే సోఫా నుంచి లేవండి.

అత్తగారిని ఒంటరిగా వదలకండి. ఆవిడ ముందు 'పక్కలో వేసుకోకపోతే' అన్న మాట ఎవరూ ఎత్తకుండా మీరే కట్టడి చేయండి. ఆవిడ గానీ, తల్లి గానీ బతకాలని లేదన్నట్టు మాట్లాడితే ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్ల కోసం ఉన్న సహాయ నంబరు 988కు ఫోన్ చేసి దుబాసీని అడగండి. పిల్లలను పోగొట్టుకున్నవాళ్లు కలుసుకునే కంపాషనేట్ ఫ్రెండ్స్ బృందాలు ఆ దేశంలో చాలా ఊళ్లలో ఉన్నాయి, తాతయ్యలూ అమ్మమ్మలూ కూడా రావొచ్చు.

శవపరీక్ష నివేదిక వచ్చిన రోజు దాన్ని ఫోన్లో తెరిచి ఒక్కరే చదవవద్దని మరిదికి చెప్పండి. పిల్లల డాక్టరు దగ్గర అరగంట సమయం తీసుకుని, భార్యాభర్తలిద్దరూ వెళ్లి ఒక్కో వాక్యం చదివించుకోవాలి. కారణం దగ్గర 'నిర్ధారించలేనిది' అని ఉంటే దాని అర్థమేమిటో, ఏవి లేవని తేలిందో అప్పుడే అడగాలి. అత్తగారికి ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది ఇంటికి వచ్చాక ఆలోచించుకోవచ్చు.